మంగేశ్ తెచ్చిన రెండు సీసాలు

ద్రౌపది ఫోన్ చేసేసరికి పదకొండు దాటి అయిదు నిమిషాలయింది.

“మీ బాపును షెడ్డుల ఏసి తాళం పెట్టిండ్రే పోరీ!”

ప్రాజక్త ల్యాబ్ బయట వరండాలో తెల్ల కోటుతో నిలబడి ఉంది. ఫోన్‌లో అమ్మ గొంతు వెనక మగవాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి. రేకు తలుపు మీద ఎవరో దబదబా బాదుతున్నారు.

“ఎవరమ్మా? ఎందుకు?”

“మంగేశ్. గల్లీ గల్లీ ఆనితోనే ఉన్నది. రాత్రి సంది ఏడుగురు పోరగాళ్ళకు వాంతులు. నల్లా నీళ్ళల్ల మీ బాపు జహర్ కలిపిండని అంటున్నరు. మీ స్కూల్లనే తేలిందట గదా. నువ్వే తేల్చినవట గదా!”

ప్రాజక్త వెనక్కి తిరిగి ల్యాబ్ తలుపు వైపు చూసింది.

తమ గల్లీ ఉన్న కుంఠా నాకా దాటాక గుట్ట మీదున్న కాలేజీలో అది వేసవి బడి. మూడు వారాలు, ఇరవై రెండు మంది విద్యార్థులు. తిండీ నిద్రా అన్నీ అక్కడే. జీవకణాన్ని ఒక యంత్రంలా విప్పి చూడటం, దానిలో కొత్త జన్యువు బిగించి కొత్త పని చేయించడం, ఇదీ అక్కడి చదువు. ప్రాజక్త, అనికేత్ కలిసి చేసిన బాక్టీరియా నీటిలో రాగి ఉంటే పచ్చగా మెరుస్తుంది. నీలం దీపం కింద పెడితే చాలు, కంటికి కనిపిస్తుంది. నిన్న సాయంత్రం నాలుగు చోట్ల నీళ్ళు పరీక్షిస్తే నాలుగూ మెరిశాయి. అనికేత్ ఆగలేకపోయాడు. నల్లా నీళ్ళవీ మురికి కాలువ నీళ్ళవీ రెండు ఫ్లాస్కుల ఫోటో తీసి, “కుంఠా నాకా నల్లా నీళ్ళు, పెంటప్ప షెడ్డు మోరీ నీళ్ళు, చూడుండ్రి” అని రాసి స్టేటస్ పెట్టాడు. తెల్లారేసరికి ఆ ఫోటో గల్లీలోని ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

పెంటప్ప మరమగ్గాల షెడ్డులో, బాయిలర్ దగ్గర గంజి కాచి నూలుకు పట్టించేది సాయిలు. ప్రాజక్త తండ్రి.

“పోలీసులు లేరా?”

“ఇద్దరున్నరు. మిగిలినోళ్ళు ఏదో సభకు పోయిండ్రట. పెంటప్ప సేటు ఫోన్ బంద్ చేసుకున్నడు. లోపల బాయిలర్ ఇంక చల్లారలే బిడ్డా, రేకుల షెడ్డు, ఎండ చూస్తున్నవు గదా…”

ఎవరో ఫోన్ లాక్కున్నారు.

“నేను మంగేశ్‌ను. మూడింటికి దవాఖాన నుంచి పోరగాళ్ళ రిపోర్టు వస్తది. వచ్చినంక నేనే తాళం తీస్త. గా తర్వాత గల్లీ ఏం జేస్తదో నా చేతుల లేదు.”

“అన్నా, లోపల మనిషి చస్తడు!”

“నా కొడుకు శుభమ్ దవాఖానల పడున్నడు,” అన్నాడు మంగేశ్. “ఏడేండ్లోడు.” ఫోన్ పెట్టేశాడు.

*

బడి నడిపే శీతల్ మేడం ఈ ఊళ్ళోనే, భవాని పేట్‌లో పుట్టి పెరిగింది. తండ్రి చద్దర్లు నేసేవాడు. ఇప్పుడు బెంగుళూరులో పెద్ద ల్యాబ్ చూసుకుంటూ, ఏడాదికి ఈ మూడు వారాలు మాత్రం సొంతూరికి వస్తుంది. విషయం విన్నాక ఆమె ముందు అనికేత్ వైపు చూసింది.

“ఫోటో తీసేసినవా?”

“తీసేసిన మేడం. కానీ అందరు ఫార్వర్డ్…”

“నోరు మూసుకో. ఫ్లాస్కులు తే.”

చీకటి గదిలో నీలం దీపం వెలిగింది. నాలుగు ఫ్లాస్కులూ ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. షెడ్డు మోరీ. గల్లీ నల్లా. కాలేజీ బోరు. హాస్టల్ ఫిల్టర్. పక్కన సరిపోల్చడానికి పెట్టిన డిస్టిల్డ్ వాటర్ సీసా ఒక్కటే చీకటిగా ఉంది.

“హాస్టల్ ఫిల్టర్ల గూడ ఉన్నదా?” అన్నాడు అనికేత్. “పదిహేడు రోజుల సంది తాగుతున్నం.”

“మోరీ నీళ్ళూ ఫిల్టర్ నీళ్ళూ ఒక్కతీరుగ మెరుస్తయా?” అంది శీతల్. “నిన్న ఈ ముచ్చట మీ ఇద్దరిలో ఒక్కరికన్న తట్టలేదా?”

ప్రాజక్త వినడం లేదు. ఆమె కళ్ళు డిస్టిల్డ్ వాటర్ సీసా మీద ఉన్నాయి. దానికి ప్లాస్టిక్ మరమూత. మిగిలిన నాలుగింటికీ దూది బిరడాలు.

దూది కాదు.

“మేడం,” అంది. “బిరడాలు నేను తెచ్చిన.”

సోమవారం ల్యాబ్‌లో దూది అయిపోయింది. దానికి ఊళ్ళోకి ఎవరు వెళ్తారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, షెడ్డు నుంచి ఒక సంచి నూలు పంపమని ఆమె తండ్రికి ఫోన్ చేసింది. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, బీముకు చుట్టిన నూలు అయిపోయినప్పుడు చివర జానెడు పడుగు మిగిలిపోతుంది. నేత ఇళ్ళలో దాన్ని ఎవరూ పారేయరు. నూనె సీసాకు బిరడా అదే, దిండులో కూరేది అదే, కారే నల్లాకు చుట్టేది కూడా అదే. తెల్లగా, బిగువుగా, చుడితే విడిపోకుండా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చేసిన పనే కాబట్టి చేతులు వాటంతట అవే ఫ్లాస్కు మూతులకు బిరడాలు చుట్టేశాయి.

“పడుగు బిగువుగ ఎందుకుంటది?” శీతల్ అడిగింది. అడుగుతూనే ఆమె ముఖం మారిపోయింది. ఆమె కూడా నేతగాడి కూతురే.

“గంజి. ఎండకాలం గంజి పులుస్తదని, నూలుకు బూజు పడతదని మా బాపు అండ్ల మైలుతుత్తం ఏస్తడు.”

“మైలుతుత్తం అంటే?” అన్నాడు అనికేత్.

“కాపర్ సల్ఫేట్,” అంది శీతల్. “రాగి.”

ఫ్లాస్కులను ఆవిరిలో ఉడికించినప్పుడు బిరడాలు తడిశాయి. తడిసిన బిరడాల నుంచి చుక్కలు లోపలికి జారాయి. కణాలు తమ పని తాము సరిగ్గానే చేశాయి. అవి పట్టుకున్నది నల్లా నీళ్ళలోని రాగిని కాదు, బిరడాలో ఉన్న రాగిని.

“అయితే సాయిలు కాక ఏం చేయలే!” అనికేత్ దాదాపు గెంతాడు. “ఇప్పుడే ఫోన్ చేసి చెప్దాం.”

“ఎవరు చెప్తరు? నువ్వా?” ప్రాజక్త అతని వైపు తిరిగింది. “రాత్రి గా ఫోటో పెట్టినోడివి పొద్దున మంచినీళ్ళంటే ఎవడు నమ్ముతడు? నేను చెప్తే ఆయన బిడ్డను.”

“అసలు నల్లా నీళ్ళల్ల రాగి లేదని ఇప్పుడు గూడ మనకు తెల్వదు,” అంది శీతల్. “ఆ పరీక్ష చెడిపోయిందని మాత్రమే తెలుసు. మళ్ళా చేయాలె. రెండు గంటలు పడతది.”

ప్రాజక్త గడియారం చూసింది. పదకొండూ ఇరవై.

“ఈ కణాలను గల్లీకి తీసుకపోయి అందరి ముందల…”

“జన్యువు మార్చిన కణం బతికుండంగ ఈ గడప దాటదు. నీ తండ్రి కోసమైనా దాటదు. వేరే దారి చూడు.”

ప్రాజక్త ల్యాబ్ అద్దం తలుపు వైపు, దాని అవతలి వరండా వైపు చూసింది. తర్వాత మంగేశ్‌కు ఫోన్ చేసింది.

*

“అయ్య కోసం బిడ్డ రిపోర్టా?” అని మంగేశ్ నవ్వాడు. “వా! బహుత్ అచ్ఛా!”

“అందుకే నువ్వు రా అన్నా. నీ సీసాలు, నీ చేతులు. గల్లీల నల్లా నీళ్ళు పట్టి పెట్టుకున్న డ్రమ్ము నుంచి ఒకటి నింపు. షెడ్డు మోరీ నుంచి ఒకటి నింపు. నేను ముట్టుకునేటప్పుడు ఎదురుంగ కూసొని చూడు.”

“నేను రాకపోతే?”

“రాకపోతే మూడింటికి నువ్వు కొట్టేది తప్పు మనిషినేమో ఎన్నటికీ తెల్వదు. శుభమ్‌కు ఏమైందో గూడ తెల్వదు.”

అటునుంచి గల్లీ అరుపులు వినిపించాయి. వాటి మధ్య రేకు తలుపు మోత మళ్ళీ వినిపించింది. ఈసారి అది బయటి నుంచి కాదు. లోపలి నుంచి.

“పావు గంట,” అన్నాడు మంగేశ్.

పద్దెనిమిది నిమిషాలకు అతని మోటార్‌సైకిల్ కాలేజీ గేటు ముందు ఆగింది. నూలు బేళ్ళు తోలే టెంపో డ్రైవర్ అతను. మెడ మీద తువ్వాలు, రెండు చేతుల్లో రెండు కూల్‌డ్రింక్ సీసాలు. ఒకదానిలో తేట నీళ్ళు, ఇంకోదానిలో బూడిద రంగు నీళ్ళు. చొక్కా జేబులో తాళంచెవి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. ప్రాజక్త చూపు దాని మీదే నిలవడం అతను గమనించాడు. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ల్యాబ్‌లోకి బయటివాళ్ళు రాకూడదు. అద్దం తలుపు ఇవతల అతనికి ఒక స్టూలు వేశారు. అవతల ప్రాజక్త మూడు ఫ్లాస్కులు వరుసగా పెట్టి, ఒక్కొక్కటీ పైకెత్తి చూపించింది. మొదటిదాంట్లో డ్రమ్ము నీళ్ళు. రెండోదాంట్లో మోరీ నీళ్ళు. మూడోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంతకుముందు చుట్టిన బిరడాల్లో ఒకటి అందులో వేసింది. మూడింటిలోనూ కణాలు కలిపింది. ఈసారి మూతులకు అల్యూమినియం రేకు చుట్టింది.

“ఆగు,” అన్నాడు మంగేశ్ అద్దం మీద కొట్టి. “రేకుల మీద నా పేరు రాస్త. మళ్ళా మారుస్తే?”

శీతల్ తలూపింది. అనికేత్ కొత్త రేకులు మూడు బయటికి తెచ్చి ఇచ్చాడు. మంగేశ్ పెన్నుతో మూడింటి మీదా పేరు గీసి ఇచ్చాడు. ప్రాజక్త అతని కళ్ళముందే పాతవి తీసి వాటిని చుట్టింది.

పదకొండూ యాభై. యంత్రం ఫ్లాస్కులను గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది.

*

మొదటి గంట మంగేశ్ అద్దంలోంచి ఫ్లాస్కుల మీదే కన్నేసి కూర్చున్నాడు. రెండో గంటలో అతనే మాట మొదలుపెట్టాడు.

“సాయిలు కాక నాకు ఎంత దగ్గరో నీకు తెల్వదు. మా బాపు పోయిన్నాడు సాంచాలు బంద్ చేయించి వచ్చింది ఆయననే.”

“తెలిసి గూడ తాళమేసినవా అన్నా?”

“ఏయకపోతే పొద్దుగాలనే కొట్టి సంపుతుండె. తాళమేసినందుకే బతికున్నడు.” అతను గోడకు తల ఆనించాడు. “అయినా నాకు కోపం లేదనుకోకు. పోరడు రాత్రంత కడుపు పట్టుకొని ఏడ్చిండు. ఆయననే చేసిండని తేలితే ముందల చెయ్యి నాదే లేస్తది.”

ఒంటి గంటా ఇరవైకి ద్రౌపది ఫోన్ వచ్చింది. ఆమె ఏడవడం మానేసింది. అది ప్రాజక్తను ఇంకా భయపెట్టింది.

“చప్పుడు బంద్ అయింది బిడ్డా. పావు గంట సంది తలుపు కొడతలేడు.”

ప్రాజక్త అద్దం తలుపు తోసుకుని బయటికి వచ్చింది. మంగేశ్ ముందు నిలబడింది. బతిమాలుదామని వచ్చింది గానీ గొంతులో నుంచి వేరే మాట వచ్చింది.

“నీ పేరు రాసిన రేకులు అండ్ల ఉన్నయి. నేను ఎక్కడికీ పోను. ఆయనకు నీళ్ళన్న ఇప్పియ్యి. లేకపోతే నీ జేబుల ఉన్నది చాబీ కాదు, శవం.”

మంగేశ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఫోన్ తీసి గల్లీలో ఎవరికో చేశాడు. “కిటికీ రేకు జరంత జరిపి ఒక చెంబు నీళ్ళు ఇయ్యుండ్రి కాకకు. అరె ఏం కాదు, నేను చెప్తున్న గదా!” చెవికి ఫోన్ ఆనించుకునే ఉన్నాడు. అటువైపు ఏదో గొడవ. తర్వాత అతని నొసలు ముడిపడింది.

“ఏమైంది?”

“తలుపు కాడున్న పోరగాళ్ళు పంతంకు నల్లా నీళ్ళే ఇచ్చిండ్రట. తాగు చూద్దాం అన్నరట.”

“తాగిండా?”

“గటగట తాగి, ఇంకో చెంబు అడిగిండట,” అన్నాడు మంగేశ్.

అతను మళ్ళీ కూర్చోలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

*

రెండు కావడానికి అయిదు నిమిషాలుండగా యంత్రం ఆగింది. ఫ్లాస్కులు చీకటి గదిలోకి వెళ్ళాయి. లోపల శీతల్, ప్రాజక్త, అనికేత్ మాత్రమే. తలుపు మూశారు. నీలం దీపం వేశారు.

బిరడా వేసిన ఫ్లాస్కు పచ్చగా వెలిగింది. బిరడా సంగతి నిజమే.

నల్లా నీళ్ళు చీకటి. ప్రాజక్త వంగి, ఇంకా దగ్గరగా చూసింది. ఏమీ లేదు. చీకటే. దాన్ని పక్కకు జరిపింది.

తర్వాత మోరీ ఫ్లాస్కు చూసింది.

అది వెలుగుతోంది. ఈసారి దాని మూతికి బిరడా లేదు. అందులో ఉన్న రాగి షెడ్డు నుంచి వచ్చింది. ఆమె తండ్రి చేతుల్లో నుంచి వచ్చింది.

“మోరీ సంగతి ఎందుకు చెప్పుడు?” అనికేత్ గుసగుసగా అన్నాడు. “అడిగింది నల్లా ముచ్చట. నల్లా మంచిగున్నది. బస్, గంతే. మోరీ నీళ్ళు ఎవరు తాగుతరు? ఫ్లాస్కు పక్కకు పెట్టు ప్రాజక్తా. మూడింటికి ఇంక గంటనే ఉన్నది.”

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మోరీలో ఉందంటే గల్లీకి అర్థమయ్యేది ఒకటే మాట: ఉంది. తండ్రిని బయటికి తీసుకొచ్చే ఒకే ఒక్క దారికి ఆమె చేతులతోనే అడ్డం కట్టినట్టవుతుంది. ప్రాజక్త శీతల్ వైపు చూసింది.

“ఇది నీ ప్రయోగం,” అంది శీతల్. “ఇది చేయి, అది చేయి అని నేను చెప్పను.”

తలుపు అవతల మంగేశ్ చెప్పుల చప్పుడు ఆగింది.

ప్రాజక్త తలుపు తీసింది. “అన్నా, గడప దాటకు. అక్కడ నిలబడే చూడు.” వరండా తెరలు దింపించి, దీపం ఆపించి, మూడు ఫ్లాస్కులనూ అతని వైపు తిప్పింది. రేకుల మీద మూడుచోట్లా అతని గీతలు.

“ఇది బిరడా. నిన్న అన్ని ఫ్లాస్కులు మెరిసింది దీనితోని. తెచ్చింది నేను. తప్పు నాది. ఇది నల్లా. మైలుతుత్తం లేదు. వేరే జహర్ ఏదన్న ఉంటే వీటికి తెల్వదు, గందుకు నేను మాట ఇయ్యలేను.” మోరీ ఫ్లాస్కును ముందుకు జరిపింది. “ఇది మోరీ. అండ్ల ఉన్నది. మా బాపు గంజిల ఏసేదే.”

మంగేశ్ పచ్చగా వెలుగుతున్న మోరీ ఫ్లాస్కును వేలితో చూపించాడు.

“గీ మూడోది చూపియ్యకుంటే నేను అడుగుతుంటినా?”

“ఏమో.”

“మీ బాపు ఇంక లోపలనే ఉన్నడు. చాబీ నా దగ్గరనే ఉన్నది. తెలిసే చెప్తున్నవా?”

“తెలుసు.”

“నా కొడుకుకు మరి ఏమైంది?”

“నాకు తెల్వదు అన్నా.”

అతను జేబులో చెయ్యి పెట్టాడు. “బండెక్కు,” అన్నాడు.

శీతల్ గేటు పుస్తకంలో తనే సంతకం చేసింది. “పోయి రా. రేపు తొమ్మిదింటికి అందరి ముందల నిలబడి బిరడాల సంగతి నువ్వే చెప్పాలె. అనికేత్ ఫోటో సంగతి చెప్తడు.”

*

షెడ్డు ముందు వంద మందికి పైనే ఉన్నారు. ఇద్దరు పోలీసులూ గోడ నీడలో నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. మంగేశ్ అక్కడ ఆపి ఉన్న తన టెంపో ఎక్కి, గల్లీలో రెండు భాషల వాళ్ళకూ అర్థమయ్యేలా మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి తను చూసింది చెప్పాడు. నల్లాలో లేదు అన్నప్పుడు గుంపు సద్దుమణిగింది. మోరీలో ఉంది అన్నప్పుడు మళ్ళీ లేచింది.

“ఉన్నదంటుండు గదా! ఇంకేం కావాలె?”

“బిడ్డను ముందల పెట్టుకొని తప్పించుకుంటుండ్రు!”

గుంపు తలుపు వైపు జరిగింది. ప్రాజక్త రేకు తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆ రేకు చొక్కాలోంచి చుర్రుమని కాలింది. మంగేశ్ టెంపో మీంచి దూకి, భుజాలతో నెట్టుకుంటూ వచ్చి, తాళం తీశాడు. తలుపుకు అడ్డంగా తనే నిలబడ్డాడు.

“కాక మీద చెయ్యి ఏసేటోడు ముందల నా మీద ఏయుండ్రి.”

లోపలి నుంచి వేడి గాలి కొట్టింది. దాని వెంట సాయిలు వచ్చాడు. బనియన్ ఒంటికి అతుక్కుపోయింది. పెదవులు పగిలాయి. వెలుతురుకు కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ద్రౌపది అతని భుజం కింద చెయ్యి వేసింది.

“మోరీల ఉన్నదని ఎవరన్నరు?” అన్నాడు. లోపలి నుంచే అంతా విన్నాడు.

“నేనే బాపు.”

సాయిలు కూతుర్ని చూశాడు. గుంపు అతన్నే చూస్తోంది.

“ఎంత ఉన్నది?”

“ఎంతనో మా పరీక్ష చెప్పదు. ఉన్నదని చెప్తది.”

“రేపు నల్లా వచ్చే రోజు గదా?”

“పొద్దుగాల అయిదింటికి,” గుంపులోంచి ఎవరో అన్నారు. ఆ గల్లీకి నీళ్ళు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయి.

సాయిలు ద్రౌపది చెయ్యి విడిపించుకున్నాడు. తూలుతూ షెడ్డు మూల దాకా నడిచి, మోరీ మీద పరిచిన షాబాదు బండ ముందు ఆగాడు. “పలుగు తేండ్రి.”

ఎవరూ కదల్లేదు. ప్రాజక్తే లోపలికి వెళ్ళి పలుగు తెచ్చింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసి బండను పైకి లేపారు.

కింద మోరీ గోడ కూలిపోయి ఉంది. బూడిద రంగు గంజి బురద గుంటలా నిలిచింది. ఆ గుంట మధ్యలో నుంచే నల్లా పైపు పోతోంది. పైపు అతుకు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క కట్టి ఉంది. కట్టు సగం ఊడింది.

“రెండు నెలల కింద నేనే కట్టిన,” అన్నాడు సాయిలు. “పెంటప్ప సేటుకు చెప్పిన. చూద్దాం అన్నడు. నేను గూడ ఊకున్న. మోరీ గోడ కూలింది నాకు తెల్వదు. పోయిన నల్లా నాడు గుంట నిండలేనట్టున్నది. ఇప్పుడు పైపు మునిగింది. నల్లా బంద్ ఉన్నప్పుడు పైపు ఖాళీ. ఖాళీ పైపు గీ మోరీ నీళ్ళను లోపలికి గుంజుకుంటది. రేపు నల్లా ఒదులుతే…”

మిగతాది అతను చెప్పనవసరం లేకపోయింది. ముందు వరసలో ఉన్న ఒక ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోలీసుల్లో ఒకతను నల్లా వదిలే మనిషి నంబరు కోసం ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడే మంగేశ్ ఫోన్ మోగింది. అతను విని, నుదుటికి చెయ్యి ఆనించుకుని ఒక్క క్షణం వంగిపోయాడు. “దవాఖాన నుంచి. నిన్న బారసాలల పోరగాళ్ళు తిన్న శ్రీఖండ్ అట, గా పెరుగు మిఠాయి చెడిపోయిందట. పొద్దుమీకి ఇంటికి పంపిస్తరట.”

ఆ మాట విని ఎవరూ సంబరపడలేదు. అందరి కళ్ళూ పైపు అతుకు మీదే ఉన్నాయి.

సాయిలు ధోతి పైకి కట్టి గుంటలోకి కాలు పెట్టబోయాడు. మంగేశ్ అతని రెక్క పట్టుకుని ఆపాడు.

“కాకా, నువ్వు జరుగు. పొద్దటి సంది ఉడికినవు.”

సాయిలు అతని ముఖం వైపు చూడలేదు. పలుగు మాత్రం అతని చేతిలో పెట్టి, ఎక్కడ తవ్వాలో వేలితో చూపించాడు.